‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘మీట్’ ఎందుకు తప్పు?

గుంటూరు మిర్చి యార్డు వ్యాపారులు విదేశీ కొనుగోలుదారులకు పంపే లేఖలను, బ్రాడీపేటలో ఉద్యోగాల కోసం చదువుకునే పిల్లల దరఖాస్తులను చాలాకాలంగా దిద్దుతున్నాను. తేజ రకం ధర, తేమ శాతం, రవాణా వివరాలు అన్నీ సరిగ్గా రాసిన లేఖ కూడా ‘వియ్ లుక్ ఫార్వర్డ్ టు రిసీవ్ యువర్ ఆర్డర్’ (మీ ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాం) అనే చివరి వాక్యం దగ్గర తప్పుతుంది. అక్కడ ఉండవలసింది ‘రిసీవింగ్’.

‘టు’ బదులు ‘ఫర్’ కనిపిస్తే కారణం తేలికే. ‘మీ జవాబు కోసం’ అనే మన మాటలోని ‘కోసం’ ఇంగ్లీషులోకి అలాగే దిగింది. ‘టు’ పెడితే సరిపోతుంది.

‘టు’ ఉన్నా తప్పు జరిగే చోటే అసలు చిక్కు ఉంది. ‘ఐ వాంట్ టు మీట్ యు’లో ‘టు’ క్రియకు ముందు వచ్చే గుర్తు మాత్రమే. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో మాత్రం అది మన ‘కు’ విభక్తి వంటిది కనుక, దాని తర్వాత నామవాచకమో ‘మీటింగ్’ వంటి క్రియానామమో రావాలి. తెలుగులో ఆలోచిస్తే ఈ తేడా పట్టుబడదు, ఎందుకంటే రెండు చోట్లా మనకు ‘కలవాలని’ అనే మాటే తోస్తుంది. కంప్యూటర్‌లో అక్షరదోషాలను చూపే ఎర్ర గీత కూడా ఇక్కడ ఆదుకోదు. ‘మీట్’ స్పెల్లింగు సరైనదే కదా.

మొదట్లో నేను ‘టు తర్వాత ఐఎన్‌జీ చేర్చండి’ అని మాత్రమే చెప్పేవాణ్ణి. ఆ మాట నమ్మిన ఒక విద్యార్థిని ‘ఐ వాంట్ టు జాయినింగ్’ అని రాసి దరఖాస్తు పంపేసింది. సగం సూత్రం చెప్పిన తప్పు నాది. అప్పటినుంచి ముందు పరీక్ష చేయించి, ఆ తర్వాతే సూత్రం చెబుతున్నాను: ‘టు’ తర్వాతి భాగాన్ని వేలితో మూసి, అక్కడ ‘ఇట్’ పెట్టి చదవండి. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ నిలుస్తుంది కాబట్టి ఐఎన్‌జీ కావాలి; ‘వాంట్ టు ఇట్’ నిలవదు కాబట్టి అక్కర లేదు. రాత్రి పనికి అలవాటు పడ్డానని చెప్పే ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’ సరైనదనీ ఈ పరీక్షే తేలుస్తుంది. ‘యామ్’ లేని ‘ఐ యూజ్డ్ టు వర్క్’ వేరు. అది ఒకప్పుడు చేసి ఇప్పుడు మానిన పని. ‘అగ్రీ’ వంటి కొన్ని క్రియలు రెండు రకాల ‘టు’నూ తీసుకుంటాయి గనుక వాటిని విడిగా నేర్చుకోవాలి.

‘ఫార్వర్డ్’ బదులు ముందుమాట అనే అర్థమిచ్చే ‘ఫోర్‌వర్డ్’ స్పెల్లింగు రాయడం, ‘టు’ పూర్తిగా వదిలేయడం అరుదు. మొదటిదాన్ని కళ్లతో చూసి పట్టుకోవాలి; రెండోది ఒకసారి పైకి చదివితే దొరుకుతుంది.