ఉప్పెన తారీఖున సభ పెట్టేవాళ్లకు

2027 నవంబరు 19, శుక్రవారం నాటికి దివిసీమ ఉప్పెన వచ్చి యాభై ఏళ్లు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఏదో ఒక కార్యక్రమం చేయాలని చాలామందికి ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఫ్లెక్సీ మీద ‘స్వర్ణోత్సవం’ అని అచ్చయినా ఆశ్చర్యం లేదు. ‘వార్షికోత్సవం’ అనడం ఎంత అలవాటైందంటే అందులో ఉత్సవం ఉందని ఎవరికీ తట్టదు. కాబట్టి ముందు ఆ మాట మార్చండి. ‘ఉప్పెన మృతుల సంస్మరణ దినం’ అంటే చాలు. పదివేల మందికి పైగా పోయిన రోజుకి ఇంకే విశేషణమూ అక్కర్లేదు.

అలాగని పండగ కళ బొత్తిగా కూడదని కాదు. నలుగురూ కలవడం, పంక్తిలో కూర్చుని తినడం, దీపం, పాట చావు చుట్టూ మనకు ఎప్పుడూ ఉన్నవే. మినప గారె పండక్కీ వండుతాం, తద్దినానికీ వండుతాం. తేడా గారెలో లేదు. ఎవరు వండమన్నారు, ఏ వేళకు వడ్డించారు అన్నదాంట్లో ఉంది.

వేళ విషయంలో జపాన్ వాళ్లను చూడొచ్చు. నాగఓకా ఊరి మీద 1945 ఆగస్టు 1 రాత్రి పదిన్నరకు బాంబుల దాడి మొదలైంది. 1,480 మందికి పైగా పోయారు. ఇప్పటికీ ఆ రాత్రి ఆ వేళకు అక్కడ తెల్లటి బాణసంచా మాత్రమే పేలుస్తారు. లక్షల మంది చూసే రంగుల బాణసంచా ఆగస్టు 2, 3 తేదీల్లో. కోబెలోనూ ఇదే పద్ధతి. 1995 జనవరి 17 భూకంపంలో 6,434 మంది పోయారు. ఏటా ఆ తెల్లవారుజామున 5:46కి దీపాల మధ్య మౌనంగా నిలబడతారు. విద్యుద్దీపాల తోరణాల వేడుక చాలా ఏళ్లు డిసెంబరులో జరిగింది. 2024లో జనవరికి మార్చినప్పుడు కూడా 17వ తేదీ దాటాకే మొదలుపెట్టారు. ఆ ఘడియ పోయినవాళ్లది, వేడుక ఏదైనా ఉంటే మర్నాడు.

మన దగ్గర తేదీతో ఇంకో చిక్కుంది. 1977లో నవంబరు 19 కార్తీక శుద్ధంలో పడింది. ఇళ్లలో తద్దినాలు తిథి ప్రకారం పెడతారు. 2027లో దీపావళి అక్టోబరు 29నే వస్తుంది గనక, ఆ తిథి నవంబరు 19 కంటే పది రోజులకు పైగా ముందే వెళ్లిపోతుంది. సభకు తారీఖే పెట్టుకోండి, కానీ తిథి రోజున ఆ ఇళ్లవాళ్లను రిహార్సల్‌కనీ మీటింగ్‌కనీ పిలవకండి. క్రైస్తవ కుటుంబాలు నవంబరు 2న సమాధుల పండుగ చేసుకుంటే ఆ రోజూ అంతే.

పని ఆగస్టులో మొదలవ్వాలి. మొదటి పని, సభలో చదవడానికి పోయినవాళ్ల పేర్ల జాబితా. పంచాయతీ దగ్గరున్న కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి సరిచూడండి. ఇంటిపేరు ముందు, తండ్రి పేరో భర్త పేరో తర్వాత. బారసాల కాని పసిబిడ్డలు ఉంటారు. ‘పేరు తెలియదు’ అని చదవకండి, ‘ఫలానా వారి బిడ్డ’ అని చదవండి. కూలికి వచ్చి ఊరూ పేరూ తెలియకుండా పోయినవాళ్ల కోసం చివర పేరు లేని దీపం ఒకటి పెట్టండి. అదే తిరుగుడులో, సభలో పాట ఉండొచ్చా, భోజనం పెట్టొచ్చా అని కూడా ఆ ఇళ్లవాళ్లనే అడగండి. వాళ్లు వద్దన్నది వేదిక మీదికి రాకూడదు, చందా ఎవరిచ్చినా సరే.

పేరుకు నాలుగు సెకన్లు పడుతుంది. నిమిషానికి పదిహేను, 300 పేర్లకు ఇరవై నిమిషాలు. వెయ్యి దాటితే గంట పైన, జనం కూర్చోలేరు. కాబట్టి మండలానికంతా ఒకే సభ పెట్టకుండా ఏ ఊరి పేర్లు ఆ ఊళ్లోనే చదవండి. సొర్లగొంది పేర్లు సొర్లగొందిలో, పాలకాయతిప్పవి పాలకాయతిప్పలో. ఇద్దరు చదివేవాళ్లుండాలి, పేజీకి ముప్పై పేర్లు, పెద్ద అక్షరాలు. గొంతు పూడుకుపోతే రెండోవాళ్లు అందుకోవాలి. అది తప్పకుండా జరుగుతుంది.

నీళ్లలో వదిలే దీపాల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. నాగాయలంక వైపు కృష్ణలో పోటు, ఆటు ఉంటాయి. పోటు వేళ వదిలితే దొప్పలన్నీ వెనక్కొచ్చి రేవులోనే పోగవుతాయి. ఆటు ఎప్పుడు మొదలవుతుందో వేట చేసేవాళ్లను అడిగి దాన్నిబట్టి సమయం పెట్టండి. జానెడు అరటి దొప్పలో మట్టి ప్రమిదను తడి బంకమట్టితో అంటించండి, లేకపోతే చిన్న అలకే జారిపోతుంది. ప్రమిదకు 20 మిల్లీలీటర్ల నూనె పోస్తే వంద దీపాలకు రెండు లీటర్లు. థర్మాకోల్ గిన్నెలు వద్దు. నీళ్లలో మోకాలి లోతు దగ్గర తాడు కట్టి, ఈతగాళ్లతో ఒక పడవ ఉంచండి. ఉప్పెన స్మృతి సభలో ఒకరు నీళ్లలో పడిపోవడం కన్నా ఘోరం ఉండదు.

నవంబరు ఎలాగూ తుపాన్ల కాలం. మైదానంలో షామియానా మీదే ఆధారపడకుండా కల్యాణ మండపమో తుపాను షెల్టరో ముందే మాట్లాడి పెట్టుకోండి. హెచ్చరిక జెండా ఎగిరితే రేవు కార్యక్రమం ఆ క్షణమే రద్దు.

సైరన్ మోగించాలనుకుంటే ముందు రోజు మైకులో, వాట్సాప్‌లో రెండుసార్లు చెప్పండి. చెప్పకుండా మోగిస్తే ఆ రోజు బతికి బయటపడ్డ ముసలమ్మ పరుగెత్తి పడిపోతుంది. గుడి గంట, చర్చి గంట చాలు. డప్పు పనికొస్తుంది, అది చావుకీ కొడతారు. డీజే వద్దు. టపాసులు వద్దు. దండలు, శాలువాలు, నాయకుల ఫొటోలు, శవాల ఫొటోలు నాలుగూ వద్దు. మాట్లాడేవాళ్లకు తలా మూడు నిమిషాలు, అదీ పేర్లు చదవడం అయ్యాకే. ముఖ్య అతిథి కోసం పేర్లు ఆపకండి. ఆలస్యంగా వస్తే వెనక కూర్చుంటారు.

భోజనానికి వందమందికి 12 నుంచి 15 కిలోల బియ్యం లెక్క. ముందు పోయినవాళ్ల ఇళ్లవాళ్లకు వడ్డించండి. స్వీటు ప్యాకెట్లు పంచితే ప్రారంభోత్సవంలా ఉంటుంది, మానేయండి.

ఆ రోజు ఉదయం చేయదగ్గ పని ఒకటుంది, షెల్టర్ దాకా నడక. జపాన్‌లో 1923 భూకంపం వచ్చిన సెప్టెంబరు 1నే దేశమంతా విపత్తు సన్నాహాలు చేస్తారు. మెక్సికోలో 1985 భూకంపం తేదీ సెప్టెంబరు 19. 2017లో అదే రోజు డ్రిల్ ముగిసిన రెండు గంటలకే నిజం భూకంపం వచ్చింది. బడిపిల్లలు, నడవలేని పెద్దలు, ఒక ఆవుతో సహా బయల్దేరి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. తాళం ఎవరి దగ్గరుంది, ఆయన ఊళ్లో లేకపోతే రెండోది ఎక్కడుంది, ట్యాంకులో నీళ్లున్నాయా, మరుగుదొడ్డి తలుపు మూసుకుంటుందా చూడండి. సాధారణంగా తాళం దగ్గరే బండి ఆగుతుంది.

పాటల పోటీలు, పిల్లల ఆటలు, బుర్రకథ కావాలంటే 20న పెట్టుకోండి. 19 సాయంత్రం వేదిక పక్కన చిన్న బల్ల మీద ఒక నోటు పుస్తకం, దారం కట్టిన పెన్ను ఉంచి, దగ్గర ఒకరిని కూర్చోబెట్టండి. ఎంత సరిచూసినా ‘మా అత్త పేరు చదవలేదు’ అంటూ ఎవరో వస్తారు. రాసుకుని, అప్పుడే మైకులో ఆ పేరు చదివించండి.