ఆర్బిట్రేషన్‌కి వెళ్లాలంటే ముందు ఆ ఒక్క క్లాజు సరిగ్గా రాయండి

పెద్దమనుషుల పంచాయితీకీ ఆర్బిట్రేషన్‌కీ తేడా తెలియకుండానే చాలామంది సంతకాలు పెట్టేస్తారు. పంచాయితీలో మాట నచ్చకపోతే కండువా దులుపుకుని లేచి రావచ్చు. ఆర్బిట్రేషన్‌లో అలా కాదు. గొడవను కోర్టు బయట తేల్చే మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) ఇచ్చే తీర్పు, అంటే అవార్డు, కోర్టు డిక్రీలాగే అమలవుతుంది.

కావలసినవి: స్టాంపు సరిగ్గా ఉన్న రాతపూర్వక అగ్రిమెంట్, బిల్లులు, ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు. విడాకులు, క్రిమినల్ కేసులు దీనిలోకి రావు.

ఇక క్లాజు, అంటే గొడవ వస్తే ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలని అగ్రిమెంట్‌లో రాసుకునే షరతు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఎక్కడినుంచో కాపీ కొట్టి చివరి పేజీలో అతికిస్తారు. "ఇరువురూ ఇష్టపడితే ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చు" అని ఉంటుంది. గొడవ ముదిరాక ఎవరు ఇష్టపడతారండీ? అలాంటిది ఆర్బిట్రేషన్ ఒప్పందమే కాదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. "వెళ్లవచ్చు" కాదు, "వెళ్లాలి" అని రాయండి.

తర్వాత సీటు, అంటే చట్టం దృష్టిలో ఆర్బిట్రేషన్ జరిగే ఊరు. కూకట్‌పల్లి ఇంటీరియర్ కాంట్రాక్టర్ ఒకాయన తెచ్చిన కాగితంలో సీటు ముంబై అని ఉంది. పని జరిగింది కొండాపూర్‌లో, రావాల్సింది ఐదు లక్షలు. అవార్డుని సవాలు చేయాలన్నా ముంబై కోర్టుకే పోవాలి. రైలు టికెట్లు, అక్కడి వకీలు ఫీజు లెక్కేసుకుని ఆయన అలాగే కూర్చుండిపోయారు. వెన్యూ అంటే విచారణకు కూర్చునే చోటు, అంతే. ఏ ఊరి కోర్టు అన్నది తేల్చేది సీటు. అందుకే "సీటు: హైదరాబాద్" అని విడిగా ఒక వాక్యం ఉండాలి.

"ఆర్బిట్రేటర్‌ను మా ఎండీ నియమిస్తారు" అన్న లైను కనిపిస్తే కొట్టేయించండి. వివాదంలో లాభనష్టాలున్నవాళ్లు ఏకపక్షంగా సోల్ ఆర్బిట్రేటర్‌ని (ఒకే ఒక్క ఆర్బిట్రేటర్‌ని) పెట్టడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆర్బిట్రేటర్ ఒక్కరే అని రాయండి. ఇద్దరంటే చట్టం ఒప్పుకోదు, ముగ్గురంటే మూడు ఫీజులు. నన్నడిగితే 2021 డిసెంబరులో మన హైదరాబాద్‌లోనే తెరిచిన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ సెంటర్ లాంటి సంస్థ నిబంధనలే రాసుకోవాలి. తెలిసినాయన ఉన్నాడు కదా అని పేరు రాసుకున్నవాళ్లు తర్వాత ఆయన్నే అనుమానించడం చాలాసార్లు చూశాను.

మిగతాది తేలికే. గొడవ వస్తే నోటీసు పంపండి. అది అవతలివాళ్లకు అందిన రోజే ఆర్బిట్రేషన్ మొదలైనట్టు, కాబట్టి స్పీడ్ పోస్ట్ ట్రాకింగ్ ప్రింటు దాచుకోండి. 30 రోజుల్లో ఆర్బిట్రేటర్ మీద ఒప్పందం కుదరకపోతే హైకోర్టుకు దరఖాస్తు చేయాలి. క్లెయిమ్, జవాబులకు 6 నెలలు, ఆపైన అవార్డుకు 12 నెలలు. సవాలు చేయడానికి 3 నెలలు, బలమైన కారణం చూపితే ఇంకో 30 రోజులు. ఆ తర్వాత కోర్టు తీసుకోదు.