రంగంలో బాంబులు పడ్డ రోజులు: ఇంటి పెద్దల మాట ఎలా రాసిపెట్టుకోవాలి

శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా సముద్రం ఒడ్డు ఊళ్ళలో "మా తాత రంగం పోయాడు, బాంబుల్లో ఏమయ్యాడో తెలీదు" అనే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రంగమే రంగూన్, ఇప్పటి యాంగోన్. 1941 డిసెంబరు 23 మంగళవారం పొద్దున జపాన్ విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేశాయి. 25న మళ్ళీ వచ్చాయి. రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసే తెలుగువాళ్ళు చాలామంది అక్కడే పోయారు. వాళ్ళలో ఎక్కువమంది కూలీలను కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీ కింద పనికి వెళ్ళినవాళ్ళు కాబట్టి పేర్లు మేస్త్రీ పద్దులోనే ఉండేవి. మునిసిపాలిటీ పనివాళ్ళు కూడా ప్రాణభయంతో ఊరు వదిలేయడంతో శవాలను గుర్తుపట్టి రాసుకునే దిక్కు లేకపోయింది. అందుకే చాలా కుటుంబాలకు ఇంట్లో చెప్పుకునే మాట ఒక్కటే రికార్డు. ఆనాటి ఐదేళ్ళ పిల్లకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నాయి. వాళ్ళ మాట ఫోనులో రికార్డు చేసి రాసిపెట్టుకునే పని ఈ సంక్రాంతికే మొదలుపెట్టండి.

ముందుగా ఫోను సిద్ధం చేసుకోవాలి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా మాట గొంతులో ఆగిన చోటే రింగవుతుంది. ఫ్యాను ఆపేయండి, ఆ హోరులో ముసలి గొంతు మునిగిపోతుంది. ఫోనును బల్ల మీద నేరుగా పెట్టకుండా మడిచిన తువ్వాలు మీద, మనిషికి మూరెడు దూరంలో ఉంచండి. రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, మీకు ఏమవుతారో చెప్పండి. ఒక విడతకు నలభై నిమిషాలు మించొద్దు. ఆ రాత్రే ఫైలును మరో రెండు చోట్ల దాచండి.

మొదటి రోజు బాంబుల ఊసే ఎత్తొద్దు. ఎక్కువమంది ఇక్కడే పొరపాటు చేస్తారు. "బాంబులు పడ్డప్పుడు ఏం జరిగింది మామ్మా?" అని నేరుగా అడిగితే, ఇన్నేళ్ళూ నలుగురికీ చెప్పి అరిగిపోయిన నాలుగు వాక్యాలే వస్తాయి. ఇంటి సంగతులతో మొదలుపెట్టండి. ఏ రేవులో ఓడ ఎక్కారు, విశాఖపట్నమా, కాకినాడా, కళింగపట్నమా? ఓడలో వండుకున్నారా, వెంట తెచ్చుకున్నది తిన్నారా? రంగంలో ఇల్లు కిందనా, మేడ మీదనా? నీళ్ళు ఎక్కడ పట్టేవారు? పక్కింట్లో ఎవరు, వాళ్ళది ఏ భాష? చేపల పులుసు ఏ గిన్నెలో కాచేవారు? గిన్నె గుర్తొస్తే పొయ్యి గుర్తొస్తుంది, పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి గుర్తొస్తుంది. పోయిన మనిషి గురించి మీరు అడగకుండానే ఆవిడే ఎత్తుకుంటుంది.

పాత రంగం వీధుల పేర్లు దగ్గర ఉంచుకోండి, ఇప్పటి మ్యాపులో అవి కనబడవు. డల్హౌసీ వీధి ఇప్పుడు మహాబండూల, ఫ్రేజర్ వీధి అనోరథా, మొగల్ వీధి ష్వే బోంతా. పజౌండాంగ్ అన్నారంటే బియ్యం మిల్లుల వైపు అని ఊహించవచ్చు.

రెండో రోజో మూడో రోజో ఆ పొద్దు దగ్గరికి వస్తారు. ఆనాడు కందకాల్లోకి దిగకుండా వీధుల్లో నిలబడి విమానాల్ని చూస్తున్న జనం ఎక్కువగా పోయారు. కాబట్టి "నువ్వు ఎక్కడ నిలబడి ఉన్నావు? పక్కన ఎవరున్నారు? ముందు ఏం వినబడింది?" అని అడగండి. "ఎందుకు" అనే మాట మాత్రం రానివ్వొద్దు. "ఎందుకు దాక్కోలేదు", "తమ్ముణ్ణి ఎందుకు వదిలేశారు" అన్నవి ప్రశ్నల్లా వినబడవు, నేరం మోపినట్టు ఉంటాయి. ఆ తరవాత బర్మా నుంచి ఇండియాకు కొండదారిన నడిచి వచ్చినవాళ్ళలో నడవలేని పిల్లనో, జబ్బుపడ్డ తల్లినో దారిలో వదిలి రావాల్సిన వాళ్ళున్నారు. ఆ మాట నోట వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని ఊరుకోండి. నిమిషం మౌనంగా గడిచినా రికార్డింగు ఆపొద్దు, మీరు మాట్లాడొద్దు. ఇక చెప్పనంటే అక్కడితో సరి. అయిపోగానే లేచి వెళ్ళిపోకుండా టీ పెట్టి ఇచ్చి, పొలం సంగతో పిల్లల సంగతో మాట్లాడండి. మర్నాడు ఫోను చేసి రాత్రి నిద్ర పట్టిందా అని కనుక్కోండి.

తేదీలు కలగలిసిపోవడం సహజం. మాట మధ్యలో దిద్దొద్దు, తరవాత సరిచూసుకోవచ్చు. రేవు కూలీల మీద కత్తులతో పడ్డారంటే అది 1930 మే నాటి గొడవ కావచ్చు. 1938లో మళ్ళీ భారతీయుల మీద దాడులు జరిగాయి. "జపానోళ్ళ రాజ్యంలో" విమానాలొచ్చాయంటే ఆ బాంబులు బ్రిటిష్, అమెరికన్ విమానాలవి. 1942 మార్చి 8న రంగం జపాన్ చేతికి చిక్కాక 1945 దాకా అవి పడుతూనే ఉన్నాయి. 1943 నవంబరు 8న బొటటాంగ్ పగోడా కూలింది వాటి వల్లే. ఇక 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా దాడి చేశాయి. రంగం నుంచి బతికొచ్చి విశాఖలో దిగినవాళ్ళు మళ్ళీ మూటలు సర్దుకుని పల్లెలకు పరిగెత్తారు. వాళ్ళు చెప్పేటప్పుడు రెండు ఊళ్ళ బాంబులూ ఒకటైపోతాయి. మెట్లున్న పగోడా కనబడిందా, డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడిందా అని అడిగితే విడిపోతాయి.

పోయిన రోజు తేల్చడానికి తద్దినం తిథి పనికొస్తుంది. 1941 డిసెంబరు 23, 25 తేదీలు రెండూ వృష నామ సంవత్సరం పుష్య శుద్ధంలో, ధనుర్మాసంలో, సంక్రాంతికి మూడు వారాల ముందు పడ్డాయి. ఇంట్లో పెట్టే తిథి పుష్య శుద్ధమైతే మనిషి బాంబుల్లో పోయి ఉండవచ్చు. మాఘం నుంచి వైశాఖం మధ్యదైతే ఎక్కువగా దారిలో పోయి ఉంటారు. ప్రోము దగ్గర నది దాటి, వంద మైళ్ళకు పైగా కొండల్లో టౌంగుప్‌కు నడిచి, అక్యాబు మీదుగా చిటగాంగు చేరడం ఒక దారి. కలేవా, తమూ మీదుగా మణిపురంలో ఇంఫాల్ చేరి దిమాపూర్‌లో రైలెక్కడం ఇంకో దారి. కలరాతో పోయారంటే ప్రోము, టౌంగుప్ పేర్లు వినబడతాయేమో చూడండి. తిథి తెలియక మహాలయ అమావాస్యకే పెడుతున్నారంటే పోయిన కబురు మోసుకొచ్చినవాడు కూడా రోజు చెప్పలేకపోయాడని అర్థం చేసుకోవచ్చు. తద్దినాలు లేని ఇళ్ళలో సంక్రాంతి పెద్దల పండక్కి ఏ పేరున బట్టలు పెడుతున్నారో, ఏ ఏడు మొదలుపెట్టారో అడగండి. మామ్మ ఎన్నేళ్ళ దాకా బొట్టు తీయలేదన్నదీ అడిగి రాసుకోవాలి. అన్నేళ్ళూ ఆవిడ ఎదురుచూసింది, అదీ ఈ కుటుంబ చరిత్రే.

తరవాత పెట్టెలు దించండి. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. కవరు మీద తపాలా బిళ్ళలో బర్మా పేరుంటే ఉత్తరం ఆ తరవాతిదే. తపాలా ముద్రలో తేదీని భూతద్దంతో చదవండి, మనిషి ఆ రోజు దాకా బతికి ఉన్నాడనడానికి అదే సాక్ష్యం. మనియార్డరు కూపన్లలో రెండు ముక్కల సందేశం కూడా ఉండొచ్చు, వెనక్కి తిప్పి చూడండి. ఫొటోలను ఆల్బమ్ నుంచి పీకొద్దు, లామినేషన్ చేయించొద్దు. 600 డీపీఐలో స్కాన్ చేసి, పేర్లు పెన్సిలుతో విడి కాగితం మీద రాసి జతచేయండి.

ఆఫీసు కాగితాల వేటకు ఆఖరున వెళ్ళండి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) ఫైళ్ళను అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లోంచే వెతకవచ్చు. 'ఇండియన్స్ ఓవర్సీస్' శాఖ దగ్గర మొదలుపెట్టి ఊరి పేర్లు ఆనాటి తెల్లవాళ్ళు రాసినట్టు, వైజాగపటం, కోకనాడ అని కొట్టండి. మనవాళ్ళను వాళ్ళు 'కోరింగీ' అన్నారు, కాకినాడ పక్క కోరంగి రేవు పేరు మీద. ఇంటిపేరుతో వెతికితే దొరకడం కష్టం, ఎందుకంటే అప్పలస్వామి అనో సింహాచలం అనో ఒక్క పేరే రాసుకున్నారు. తండ్రి పేరు, ఊరు, మేస్త్రీ పేరు కలిస్తేనే మనిషి ఎవరో తేలుతుంది. యాంగోన్ దగ్గర తౌక్యాన్ శ్మశానంలో రంగూన్ స్మారకం మీద దాదాపు 27,000 పేర్లున్నాయి గాని అవి సైనికులవి. అక్కడ కూలీ తాత పేరు లేదని కుంగిపోవద్దు.

రాసేటప్పుడు భాష దిద్దొద్దు. "వచ్చీసినాం" అంటే "వచ్చీసినాం" అనే రాయండి, ఆ యాసలో ఊరు కూడా ఉంటుంది. విన్నదొకటి, మీరు ఊహించిందొకటి కలవకుండా మీ ఊహను పక్కన వేరే రంగు సిరాతో రాయండి. పూర్తయ్యాక మొత్తం ఆవిడకు చదివి వినిపించండి. ఒక పేరు తీసేయమంటే తీసేయండి, మరో పేరు చేర్చమంటే దానికి కొత్త కాగితం పెట్టండి.