పాత క్యారవాన్ మీద రంగు చార కింద పొక్కులు మళ్లీ మళ్లీ వస్తుంటే

పాత టెంపో ట్రావెలర్‌నో, చాసిస్ మీద బాడీ కట్టించిన పాత మినీ బస్సునో కొని క్యారవాన్‌గా మార్చుకున్నవాళ్లు తిరుపతిలో మా షెడ్డుకు వస్తూనే ఉంటారు. లోపల మంచం, సింకు, గ్యాస్ పొయ్యి. బయట ఎవరి ముచ్చట వాళ్లది. ఒకరికి పాత అమెరికా విన్నెబాగో క్యారవాన్ల పక్కన ఉండే డబ్ల్యూ ఆకారపు చార కావాలి, ఇంకొకరు శ్రీకాళహస్తి కలంకారీ లతలు, నెమళ్లు గీయించుకుంటారు. రంగు పని చేతనైనవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పేపర్ కొట్టడం (గరుకు కాగితంతో రుద్దడం), ప్రైమర్, మాస్కింగ్ గురించి మళ్లీ చెప్పను. ఒక్కటి మాత్రం మొదటే చెప్పాలి. ఎక్కడ రంగు చెడినా, పుట్టీ డబ్బా మూత తీసే ముందు ఆ పొక్కును గోటితో పగలగొట్టి, ఊడిన పెచ్చును తిరగేసి చూడండి. అర నిమిషం పని. అది చేయకుండా పక్క మొత్తానికి రంగు కొట్టించి, ఆరు నెలలకు మళ్లీ వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

చార అంచు లేస్తోంది

స్టిక్కర్ చార అయితే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. అంటించే ముందు కింద పాలిష్ జిడ్డు తుడవలేదు. లేదా ప్రెజర్ వాషర్ నాజిల్‌ను అంచుకు ఎదురుగా పెట్టి కడుగుతున్నారు. హీట్ గన్‌తో వేడి చేసి ఊడదీయండి, జిగురును పూర్తిగా తుడవండి, కొత్తది అంటించండి. లేచిన అంచు కింద జిగురు రాసి నొక్కితే నిలవదు.

రంగు వెలిసింది, చేత్తో రాస్తే పొడి అంటుతోంది

ఎండ దెబ్బ. ఎరుపు ముందు పోతుంది, బండి రోజూ ఎటు తిరిగి నిలబడితే ఆ పక్క ఎక్కువ పోతుంది. 2000 నంబరు వాటర్ పేపర్, తర్వాత రబ్బింగ్ కాంపౌండ్. కింద ఇంకా రంగు ఉంటే తేరుకుంటుంది, ప్రైమర్ కనబడిందంటే మళ్లీ వేయాల్సిందే.

వెలిసిన బండికి మెరుపు రావాలని డీజిల్ గుడ్డతో తుడిచే అలవాటు మన డ్రైవర్లలో బాగా ఉంది. దయచేసి మాన్పించండి. రెండు రోజులు మెరుస్తుంది, తర్వాత దుమ్మంతా పట్టుకుంటుంది. పైగా ఆ నూనె పొడిబారిన రంగులోకి, పాత పుట్టీ అంచుల్లోకి ఇంకిపోతుంది. ఆ తర్వాత కొట్టే కొత్త రంగు చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. సిలికాన్ పాలిష్ వాడిన బండికీ అంతే. సబ్బుతో కడిగి నీళ్లు పోసి చూడండి. నీరు పరుచుకుని జారితే శుభ్రం. ముత్యాల్లా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే. పేపర్ కొట్టకముందే డీగ్రీజర్‌తో తుడవండి. ముందు పేపర్ కొడితే జిడ్డును గీతల్లోకి రుద్దినట్టవుతుంది.

పూజ మరకల సంగతి కూడా ఇక్కడే. వాహన పూజలో పెట్టిన పసుపు మరకను ఎండే తీసేస్తుంది, కంగారు వద్దు. కుంకుమ అలా కాదు, పొడిబారిన తెల్ల రంగులోకి దిగిందంటే రబ్బింగ్ చేయక తప్పదు. రంగు కొత్తగా వేయించిన నెల లోపల పూజ ఉంటే బొట్టు అద్దం మీద పెట్టించండి.

పైన క్లియర్ కొట్టగానే ముడతలు

కలంకారీ బొమ్మలకు జరిగేది ఇదే, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. బోర్డులు రాసే ఆర్టిస్టు నాలుగైదు రోజులు కూర్చుని ఎనామిల్‌తో లతలు గీస్తాడు. బొమ్మ నాలుగు కాలాలు ఉండాలని ఓనరు పైన 2కె క్లియర్, అంటే హార్డెనర్ కలిపి కొట్టే రంగులేని పై పూత, కొట్టిస్తాడు. అందులోని థిన్నర్ తగిలిన కాసేపటికి ఎనామిల్ ఉబ్బి, పాల మీద మీగడలా ముడుచుకుంటుంది. అప్పుడు చేయగలిగింది లేదు, గీకి మొదటికి రావడమే. అందుకే బొమ్మ గీయించకముందే అడగండి, ఏ రంగుతో గీస్తున్నారని. 2కె బేస్ రంగులతో గీస్తే పైన క్లియర్ వేసుకోవచ్చు. ఎనామిల్‌తో గీస్తే అలాగే వదిలేయండి.

పాత బండి మీద ఏ రంగు ఉందో తెలియనప్పుడు థిన్నర్ గుడ్డను ఒక మూల నిమిషం సేపు ఒత్తి పెట్టండి. గుడ్డకు కరిగి అంటితే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్ రంగు), ముడుచుకుంటే ఎనామిల్, ఏమీ కాకపోతే 2కె.

బాగు చేసిన చోటే మళ్లీ పొక్కులు

ఇక్కడ నేను బాగా దెబ్బ తిన్నాను, అందుకే వివరంగా చెబుతున్నాను.

చిత్తూరు నుంచి ఒక మినీ బస్సు క్యారవాన్ వచ్చింది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారాయే, ఆ వానల తర్వాత. ఎడమ పక్క, రెండో కిటికీ వెనక, అల్యూమినియం బీడింగ్‌కు (బాడీ మీద పొడవునా బిగించే పట్టీకి) రెండు అంగుళాల కింద, ఎర్ర చార మీద ఆవగింజంత పొక్కులు ఒక వరుసలో ఉన్నాయి. చుట్టూ ఉన్న తెల్ల రంగు బాగానే ఉంది. ఎర్ర రంగే నాసిరకమని ఓనరు అన్నారు, మేమూ నమ్మాం. రేకు మెరిసేదాకా గ్రైండ్ చేసి, ఇపాక్సీ ప్రైమర్, పుట్టీ, 2కె వేసి పంపాం. 2022 డిసెంబరులో మాండౌస్ తుపాను వానలు పడ్డాయి. సంక్రాంతి లోపే ఫోన్ వచ్చింది. "అన్నా, అదే చోట మళ్లీ లేచింది." ఈసారి జానెడు రేకు కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి పోయింది, పొక్కులు మళ్లీ వచ్చాయి.

మూడోసారి బండి వచ్చినప్పుడు ఓనరు భార్య మామూలుగా ఒక మాట అన్నారు. మంచం కింద సొరుగు వానాకాలంలో తెరుచుకోవడం లేదని. మేము రెండుసార్లూ బయటే చూశాం కానీ లోపలికి ఎక్కలేదు. ఆ రోజు సొరుగు తీసి, దాని వెనక ప్లైవుడ్ విప్పాం. థర్మోకోల్ వెనక చెమ్మ, ప్లైవుడ్ అడుగంతా నల్లగా ఉబ్బి ఉంది. ఫ్రేమ్ ట్యూబును వేళ్లతో రుద్దితే తుప్పు అప్పడం ముక్కల్లా పొరలు పొరలుగా చేతికి వచ్చింది. మేము వెల్డింగ్ చేసిన కొత్త రేకు వెనక వైపు కూడా గోధుమ రంగుకు తిరిగింది. ఇనుము తుప్పు పడితే ముందున్న దానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బు రంగును వెనక నుంచి తోస్తోంది. ఎర్ర రంగు తప్పేమీ లేదు. చార వేసే చోటు బీడింగ్ కింద, నీళ్లు నిలిచే నడుం ట్యూబు (ఫ్రేమ్ మధ్యలో అడ్డంగా పోయే ట్యూబు) కూడా అక్కడే, అందుకని నింద చార మీద పడింది.

మామూలు వ్యాన్‌లో టాపు కారితే చుక్క మనిషి నెత్తిన పడుతుంది, ఆ రోజే తెలిసిపోతుంది. క్యారవాన్‌లో ప్లైవుడ్, థర్మోకోల్ అడ్డం ఉంటాయి. చుక్క వాటి వెనకగా ట్యూబు పట్టుకుని దిగుతుంది. ఎవరికీ తడి తగలదు. పొక్కు బయటికి కనబడేసరికి లోపల ఏడాది గడిచిపోయి ఉంటుంది.

నీరు ఎక్కడి నుంచి దిగుతోందో తేల్చడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఒకడు లోపల టార్చితో, నేను బయట పైపుతో. కింది నుంచి పైకి వెళ్లాలి, ఇది ముఖ్యం. పై నుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడుస్తాయి, ఏది కారిందో తెలియదు. ముందు బీడింగ్ ఒక్కదాని మీదే పది నిమిషాలు సన్నగా పోశాం, పొడిగానే ఉంది. కిటికీ రబ్బరు, పది నిమిషాలు, పొడి. టాపు అంచు అతుకు, పొడి. చివరికి టాపు మీద లగేజీ క్యారియర్ బోల్టు దగ్గర పెట్టాను. ఆరో నిమిషంలో లోపలి నుంచి "వచ్చింది" అని కేక. ఆ బోల్టుకూ పొక్కులకూ మధ్య దగ్గర దగ్గర ఐదు అడుగుల దూరం ఉంది. బోల్టు చుట్టూ ఎప్పుడో పెట్టిన సిలికాన్ గోటితో లాగితే తొక్కలా వచ్చేసింది. తిరుమల రెండో ఘాట్‌లో ఎక్కి మొదటి ఘాట్‌లో దిగే బండికి ప్రతి మలుపులో బాడీ మెలి తిరుగుతుంది. ఎండకు గట్టిపడిన సీలెంట్ అక్కడే నెర్రెలిస్తుంది.

ఇంకొక సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ పక్క కింది ట్యూబుకు నీరు కారిపోవడానికి రంధ్రాలు ఉన్నాయి. మొదటిసారి రిపేరు చేసినప్పుడు, బండికి మంచిదని, కింద యాంటీ రస్ట్ కోటింగ్ కొట్టింది మేమే. రంధ్రాలు మూసుకుపోయాయి. అంతకుముందు దిగిన నీరు ఎంతో కొంత బయటికి పోయేది, మా తర్వాత లోపలే నిలిచింది. రెండో ఏడాది తుప్పు ఎందుకంత వేగంగా పెరిగిందో అప్పుడు అర్థమైంది. ఆ రిపేరుకు డబ్బులు తీసుకోలేదు.

కాబట్టి వరుస ఇది. పొక్కు పగలగొట్టినప్పుడు కింద రేకు మెరుస్తూ, పెచ్చు వెనక శుభ్రంగా ఉంటే రంగు పట్టు తప్పిందని అర్థం. గాల్వనైజ్డ్ రేకు మీదో అల్యూమినియం మీదో ఎచ్ ప్రైమర్ (నున్నని లోహానికి పట్టు ఇచ్చే ప్రైమర్) వేయకుండా కొట్టి ఉంటారు, ఆ మేరకు గీకి వేసుకుంటే చాలు. గోధుమ పొడి ఉండి, మధ్యలో రాయి తగిలిన గాటు కనబడితే పైనుంచి వచ్చిన తుప్పు, అదీ చిన్న పనే. గాటు లేదు, పొక్కులు అతుకు వెంబడి వరుసగా ఉన్నాయి, స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే రేకు లోపలికి దిగుతోంది అంటే లోపలి తుప్పు. బయట చెయ్యి పెట్టకుండా ముందు లోపల ప్లైవుడ్ విప్పండి. ఓనరు వద్దంటే రంగు పని ఒప్పుకోకండి.

కారే చోటు దొరికాక పాత సిలికాన్‌ను పూర్తిగా గీకేసి పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ పెట్టండి. మళ్లీ సిలికాన్ వద్దు, దాని మీద రంగు నిలవదు. బీడింగ్ విప్పితే తిరిగి పెట్టేటప్పుడు వెనక బ్యూటైల్ టేపు (గట్టిపడని జిగట రబ్బరు టేపు) వేయండి, ప్రతి స్క్రూకూ సీలెంట్ ముట్టించండి. అల్యూమినియం, ఇనుము తడిలో నేరుగా తగులుకుంటే తినిపోవడం ఇంకా వేగమవుతుంది. పక్క విప్పి ఉంచి మూడు నాలుగు రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టండి. తుప్పు ట్యూబును కోసి మార్చాలో, గీకి ప్రైమర్ వేస్తే సరిపోతుందో సుత్తితో కొట్టి చూసి తేల్చుకోండి. ట్యూబు లోపలికి క్యావిటీ వ్యాక్స్ (తుప్పు ఆపే మైనం) కొట్టండి. బయట ప్రైమర్ దాకా వేసి ఆపండి. ఒక గట్టి వాన పడనివ్వండి, ప్లైవుడ్ మూయకముందే లోపల చెయ్యి పెట్టి చూడండి. పొడిగా ఉంటేనే చార.

మిగతావి

హార్డెనర్ కొలత తప్పడం, డబ్బాలో రంగే చెడిపోవడం లాంటివి అందరూ మొదట అనుమానిస్తారు కానీ అరుదు. కంప్రెసర్‌లో నీరు చేరడం కాస్త ఎక్కువే, ట్యాంకు కింద కాక్ రోజూ తిప్పితే పోతుంది. నవంబరు ముసురులో క్లియర్ మీద మంచులా తెల్లదనం వస్తే గాలిలో తేమ వల్ల, పొడి రోజు చూసి వేయండి. మే నెలలో కాలే రేకు మీద కొడితే నారింజ తొక్కలా గరుకు తేలుతుంది, ఉదయం తొమ్మిది లోపు ముగించండి. ఫైబర్ ముక్కల మీద నక్షత్రంలా చీలితే అది రంగు సమస్య కాదు, ఫైబర్ పనివాళ్లకు ఇవ్వండి.

చిత్తూరు బండి మీద ఎర్ర చార 2024 వేసవిలో మళ్లీ వేశాం. ఓనరు ఏటా అక్టోబరు మొదట్లో బండి కిందకు దూరి, ఆ రంధ్రాల్లో సైకిల్ పుల్ల పెట్టి తిప్పి చూసుకుంటున్నారు.