మామిడి మండీ మోడల్ ఎక్కడ తప్పుతోంది? సమస్య - పరిష్కారం

చిత్తూరు వైపు ఒక మామిడి మండీకి సాఫ్ట్‌వేర్ చేస్తూ నేర్చుకున్నవి ఇవి. కోడింగ్ మొదలుపెట్టకముందే ఈఆర్ డయాగ్రమ్‌ను (సాఫ్ట్‌వేర్‌లో ఏ వివరాలు దాచాలో, వాటికి ఒకదానితో ఒకటి ఏం సంబంధమో చూపే బొమ్మ, అదే మా మోడల్) ఇలా పరీక్షించుకుంటే సీజన్ మధ్యలో టెన్షన్ ఉండదు.

సమస్య: డయాగ్రమ్‌లో ఒక్క తప్పూ కనబడదు, కానీ కాటా చీటీ అందులో ఇమడదు.

కారణం: గీతలు సరిచూశారు, విషయం సరిచూడలేదు. 1994లో లిండ్‌లాండ్, సిండ్రె, సోల్వ్‌బర్గ్ అనే పరిశోధకులు మోడల్ నాణ్యతను మూడుగా విడదీశారు. సింటాక్టిక్ అంటే గీసే నియమాలు, సెమాంటిక్ అంటే అసలు విషయంతో పొంతన, ప్రాగ్మాటిక్ అంటే చూసేవాళ్లకు అర్థం కావడం. బొమ్మ గీసే టూల్ బాగా పట్టుకునేది మొదటిదానిలోని తప్పులనే.

మా మోడల్‌లో లోడుకు ఒక రైతు, రెండు తూకాలు: నిండు బండి, ఖాళీ బండి. మండీలో జరిగేది వేరు. అన్నదమ్ములిద్దరి తోతాపురి ఒకే ట్రాక్టర్‌లో వస్తుంది. నిండు బండి 6,450 కిలోలు అనుకోండి. అన్న కాయ దించాక 5,100, తమ్ముడిదీ దించాక 3,400. అంటే అన్నకు 1,350, తమ్ముడికి 1,700. ఆ మధ్య తూకం రాసే చోటే మా బొమ్మలో లేదు! మొత్తం 3,050 కిలోలూ ఒక్కరి పేరున పడేవి. ఏడాది కష్టం చేతికొచ్చే రోజున రైతుకు అలా జరగకూడదు.

పరిష్కారం: రైతుకూ లోడుకూ మధ్య ‘వాటా’ అనే ఎంటిటీ (బొమ్మలో విడిగా వివరాలు రాసుకునే పెట్టె) పెట్టండి. తూకాన్ని విడి ఎంటిటీగా చేసి, ఒక లోడుకు ఎన్ని తూకాలైనా ఉండనివ్వండి. తర్వాత పాత చీటీలు ఓ ఇరవై తెచ్చి, ఒక్కొక్కటీ చేత్తో మోడల్‌లో నింపి చూడండి. కొట్టివేతలున్న చీటీలతో మొదలుపెట్టండి, మామూలుగా జరగని లావాదేవీలు ఉండేది వాటిలోనే.

సమస్య: గుమాస్తా అన్నిటికీ “సరే సార్” అంటాడు. తీరా స్క్రీన్ చూపిస్తే “ఇట్లా కాదు సార్” అంటాడు.

కారణం: ఆ బొమ్మ చదవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. తప్పు మనది.

పరిష్కారం: “అర్థమైందా?” అని అడగొద్దు. “సగం దించాక వానొచ్చి కాటా ఆగిపోతే ఎక్కడ రాస్తారన్నా?” అని అడగండి. ఆయన వేలు పెట్టి చూపించేదాకా మోడల్ పూర్తి కానట్టే.

సమస్య: కాటా దగ్గర లోడంటే బండి, అకౌంట్స్‌లో లోడంటే కాయ. ఒకే పేరు రెండిటికీ వాడటమే కారణం. ‘బండి’, ‘సరుకు’ అని విడగొట్టండి.

ఇక మోడల్ ఎంతకీ తెమలకపోతే, ఇంకొకటి చేర్చే శ్రమ దానివల్ల వచ్చే లాభాన్ని మించిన చోట ఆపేయండి. మేం తోపు వయసు, చెట్ల లెక్క తీసేశాం. మధ్య తూకం మాత్రం ఉంచాం.