గోడ మూసేలోపే ఫొటో తీయండి

ఇంటికి పెద్ద ఎత్తున రిపేర్లు చేయిస్తుంటే, రోజూ వెళ్లి "ఎంతవరకు వచ్చింది?" అని మేస్త్రీని అడిగే కన్నా, త్వరలో కనపడకుండా పోయే పనుల మీద కన్నేసి ఉంచడం మేలు. రంగులు, తలుపులు ఎప్పుడైనా చూసుకోవచ్చు. గాడి కొట్టి వేసిన నీళ్ల పైపులు, కరెంటు పైపులు మాత్రం ప్లాస్టరింగ్ అయ్యాక ఇక కనపడవు.

అందుకే ఆలోపే ప్రతి గోడకీ ఫొటో తీయండి. ఊరికే తీస్తే లాభం లేదు. ఒక టేపు నేల నుంచి నిలువుగా, ఇంకొకటి మూల నుంచి అడ్డంగా పెట్టి, అంకెలు కనిపించేలా తీయాలి. రేపు గీజరుకో షెల్ఫుకో డ్రిల్లింగ్ చేసేటప్పుడు పైపు ఎక్కడుందో ఇంచీలతో సహా తెలుస్తుంది. ఏ గది, ఏ దిక్కు గోడో కూడా రాసి పెట్టుకోండి. తర్వాత చూస్తే అన్ని గోడలూ ఒకేలా ఉంటాయి మరి!

బాత్రూంలో వాటర్‌ప్రూఫింగ్ ఆరాక, టైల్స్ వేయకముందు డ్రెయిన్ మూసి నీళ్లు నింపించి, కనీసం 24 గంటలు ఉంచమనండి. నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. మట్టం తగ్గిందేమో, కింది గది సీలింగ్‌కి చెమ్మ దిగిందేమో చూడండి, లీకుంటే తెలిసిపోతుంది. మేస్త్రీ విసుక్కుంటే విసుక్కోనీ. డబ్బులు కూడా తేదీలను బట్టి కాకుండా, ఇలాంటి దశలు దాటాకే ఇవ్వండి.