ఉగ్గు పోయడం వేరు, అన్నం తినిపించడం వేరు: మా మనవరాలికి ఎప్పుడు మొదలుపెట్టామంటే

మా మనవరాలు పోయిన నవంబరు రెండో వారంలో పుట్టింది. కాన్పుకు వచ్చిన మా అమ్మాయిని ఎండలు తగ్గాక పంపుదామని జూన్ దాకా అనంతపురంలోనే ఉంచుకున్నాం. ఏప్రిల్ మొదట్లో ఆదోని నుంచి వియ్యపురాలు ఫోన్ చేసింది. “వదినా, ఆడపిల్ల కదా, ఐదు నెలల ఐదో రోజుకు అన్నప్రాశన చేసేద్దామా? అయ్యవారు మంచి రోజు ఉందన్నారు” అంది. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక మా అమ్మాయి అడిగింది: “అమ్మా, అయితే ఆ రోజు నుంచే అన్నం పెట్టేయాలా?”

వద్దన్నాను. ముహూర్తం సంగతి ముహూర్తానిదే, బిడ్డ కడుపు సంగతి బిడ్డదే. ఆ రోజు దేవుడి ముందు కూర్చోబెట్టి, బంగారు ఉంగరానికి అంటిన పాయసం పెదవికి తాకించాం. పాప నాలుకతో బయటికి తోసేసింది. పుస్తకం, పెన్ను, పూలు, డబ్బు ముందు పెట్టి ఏది పట్టుకుంటుందో చూసుకున్నాం. మర్నాటి నుంచి మళ్లీ తల్లి పాలే. అసలు తిండి మొదలుపెట్టింది మే మూడో వారంలో, ఆరు నెలలు నిండాక.

ఇక్కడ చాలా ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. “ఆరో నెల” అంటే మన లెక్కలో ఐదు నెలలు నిండి ఆరోది నడుస్తున్నట్టు. డాక్టర్లు చెప్పేది ఆరు నెలలు నిండాక, అంటే 180 రోజులు దాటాక. అది మన లెక్కలో ఏడో నెల. ఆడపిల్లలకు బేసి నెల కావాలనుకునేవాళ్లకు ఏడో నెల కూడా బేసి నెలే. ఈ మాట ముందే తట్టి ఉంటే నేను వియ్యపురాలికి ఏడో నెలే చెప్పేదాన్ని. మగపిల్లలకు సరి నెల చూసి ఎనిమిదో నెలలో ముహూర్తం పెట్టుకున్నా, తిండికి మాత్రం అప్పటిదాకా ఆగకూడదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా పెద్దోడు. వాడు 1993లో పుట్టాడు. నాలుగో నెల దాటగానే ఉగ్గు మొదలుపెట్టాం. మా అత్త కాళ్లు చాపుకుని, వాణ్ని కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో గొంతులోకి పోసేది. ఆమెను చూసి నేనూ అలాగే పోశాను. వారం తిరక్కుండానే విరేచనాలు పట్టుకున్నాయి. ఐదు రోజులు సెలైన్ మీద ఉన్నాడు. ఆ చిన్న చేతికి సూది గుచ్చి కట్టిన కట్టు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది. మా అత్తను నేను తప్పుపట్టను. అప్పుడు అందరూ చెప్పిన వయసు అదే. పసిపిల్లల ఆహారం మీద మన దేశం 1992లో తెచ్చిన చట్టంలో కూడా నాలుగు నెలలు దాటాక అనే ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆరు నెలలు అని తేల్చి చెప్పింది. మన చట్టంలో 2003లో మార్చారు. కాబట్టి “మన పిల్లలు పెరగలేదా?” అని అడిగే నా వయసు వాళ్లకు నేను చెప్పేది ఇదే: పెరిగారు, కానీ మనకు అప్పుడు తెలియనిది ఇప్పుడు తెలిసింది.

మా అత్త పద్ధతి గురించి తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. పడుకోబెట్టి పోస్తే ఏ వయసు బిడ్డయినా మింగుతుంది. మింగకపోతే ఊపిరాడదు కాబట్టి మింగుతుంది. బిడ్డ సిద్ధంగా ఉందో లేదో మనకు తెలిసే దారే ఉండదు. పైగా అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అదే కూర్చోబెట్టి, స్పూను పెదవి దగ్గర పెట్టి ఆగితే, జవాబు బిడ్డే చెబుతుంది.

నేను చూసుకున్న గుర్తులు

మొదట మెడ, నడుము. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వీపు నా పొట్టకు ఆనించి, నడుము చుట్టూ ఒక చెయ్యి మాత్రం వేసేదాన్ని. అన్నప్రాశన రోజున రెండు నిమిషాలకే పక్కకు ఒరిగిపోయింది, తల ముందుకు వాలింది. మే నెల సగానికి వచ్చేసరికి నేను కంచంలో అన్నం తినడం పూర్తయ్యేదాకా తల నిలబెట్టి, అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చుంది. ఆసరా లేకుండా కూర్చోనవసరం లేదు, అది చాలామందికి ఇంకా తర్వాత వస్తుంది. ఆసరాతో నిటారుగా కూర్చుని, తల వాలకుండా నిలిపితే చాలు. వాలిపోయిన బిడ్డ గొంతులో ముద్ద సరిగ్గా దిగదు.

తర్వాత నాలుక. పసిబిడ్డ నోట్లో పాలు తప్ప ఏది పెట్టినా నాలుక ముందుకు వచ్చి తోసేస్తుంది. అది అయిష్టం కాదు, గొంతుకు అడ్డం పడకుండా పుట్టుకతో వచ్చిన కాపలా. నాలుగు నెలల నుంచి ఆరు నెలల మధ్య మెల్లగా తగ్గుతుంది. పరీక్షకు తిండి అక్కర్లేదు. మరిగించి చల్లార్చిన చిన్న ఖాళీ స్పూనును కింది పెదవికి ఆనించి చూడండి. నోరు తెరిచి, పెదాలు స్పూను మీద మూస్తే ఆ కాపలా తగ్గినట్టు. నాలుకతో తోస్తే నాలుగైదు రోజులు ఆగి మళ్లీ చూడండి. మేం మూడుసార్లు చూశాం. మొదటి రెండుసార్లూ తోసేసింది.

మూడోది కన్ను, చెయ్యి, నోరు కలిసి పనిచేయడం. ఒక సాయంత్రం నేను రాగి సంగటి తింటుంటే పాప నా ముద్ద వెంట చూపు తిప్పుతూ, నా వేలు పట్టుకుని నేరుగా తన నోటికి లాక్కుంది. అది గుర్తు. ఊరికే తేరిపార చూడటం గుర్తు కాదు. నాలుగో నెల బిడ్డ ఫ్యానును కూడా అలాగే చూస్తుంది.

ఈ మూడూ కలిసి రావాలి. ఒకటి కనిపించిందని మొదలుపెట్టకూడదు. ఆరు నెలలు నిండకముందు మూడూ కలిసి రావడం అరుదు.

ఇక మనల్ని తొందరపెట్టే గుర్తులు కొన్ని ఉన్నాయి. పిడికిలి చప్పరిస్తుంది, చొంగ కారుస్తుంది, రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది, పాలు ఎక్కువసార్లు అడుగుతుంది. వీటిలో ఏదీ “నాకు అన్నం కావాలి” అని చెప్పడం కాదు. ఆ వయసులో పిల్లలు అలా చేస్తారు. ఉగ్గు పెడితే రాత్రి బాగా పడుకుంటుందని కూడా అనుకోవద్దు. బొద్దుగా ఉందని ముందు పెట్టకండి, పళ్లు రాలేదని ఆపకండి. చిగుళ్లతోనే మెత్తని అన్నం బాగా నలుపుతారు. పాలు చాలడం లేదని టెన్షన్ పడే తల్లికి నేను చెప్పేది ఒకటే: రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ మూత్రం పోస్తోందా, అంగన్‌వాడీలో తూచినప్పుడు కార్డు మీద బరువు గీత పైకి వెళ్తోందా, ఈ రెండూ చూడు. రెండూ బాగుంటే పాలు చాలుతున్నాయి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే ఈ లెక్కలు మారతాయి. ఎప్పుడు మొదలుపెట్టాలో పిల్లల డాక్టరునే అడగాలి. నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోతే, ఆరు నెలలు దాటినా ఆసరాతో కూడా కూర్చోలేకపోతే, ప్రతి స్పూనుకూ దగ్గు వస్తుంటే కూడా ఆలస్యం చేయకుండా చూపించండి.

అతిగా ఆగడమూ మంచిది కాదు. మా వీధిలో ఒక బాబుకు పళ్లు రాలేదని తొమ్మిదో నెల దాకా పాలతోనే నెట్టుకొచ్చారు. పిల్లవాడు పాలిపోయాడు, పరీక్ష చేస్తే రక్తం తక్కువని తేలింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఇనుము సుమారు ఆరు నెలల వరకే వస్తుంది. తల్లి పాలలో అది చాలా కొంచెం. ఆరు నెలలు నిండాక ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున వేయడం మరవకండి.

మొదటి రోజు, ఆ తర్వాత

మొదటి రోజు పొద్దున పది గంటలప్పుడు పెట్టాం. అంతకు గంట ముందు కొంచెం పాలు తాగింది. బాగా ఆకలి మీద ఉంటే ఏడుస్తుంది, నిద్ర మీద ఉంటే చిరాకు పడుతుంది. పొద్దున పెడితే ఒంటికి పడకపోయినా పగలే తెలుస్తుంది, డాక్టరు దొరుకుతాడు. రెండు వంతులు బియ్యం, ఒక వంతు పెసర బేడలు కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, రవ్వ పట్టి పెట్టుకున్నాను. అందులో ఒక స్పూను మెత్తగా ఉడికించి, రెండు చుక్కల నెయ్యి వేసి మెదిపాను. ఉప్పు వేయలేదు, బెల్లం వేయలేదు. ఏడాది నిండేదాకా ఆ రెండూ అక్కర్లేదు. తేనె అసలు నాకించకండి. ఏడాది లోపు పిల్లలకు దాని వల్ల నరాలు చచ్చుబడే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

పాప మూడు స్పూన్లు తిన్నది. సగం గడ్డం మీదికే వచ్చింది. నాలుగోదానికి మొహం తిప్పేసుకుంది. గిన్నె పక్కన పెట్టేశాను. మా అమ్మాయి “ఇంకొక్కటి” అని స్పూను పట్టుకుంటే వద్దన్నాను. నోరు తెరవడం ఎలా ఒక జవాబో, మొహం తిప్పుకోవడమూ అలాగే ఒక జవాబు. సెల్ ఫోన్ చూపించి, ముక్కు మూసి, చేతులు పట్టుకుని పెట్టిన తిండి మళ్లీ ఉగ్గు పోయడమే అవుతుంది.

వారం రోజులు రోజుకు ఒకసారే పెట్టాం. ఆ తర్వాత రెండు పూటలు, మెల్లగా మూడు. ఎనిమిది నెలలు నిండేలోపు పూటకు సగం కప్పు దాకా రావాలి. పాలు మాత్రం మానకూడదు, రెండేళ్లు నిండేదాకా, ఆ తర్వాతా ఇవ్వవచ్చు. కొత్తది ఏది పెట్టినా మూడు రోజులు అదొక్కటే కొత్తగా ఉంచి, దద్దుర్లు, వాంతులు, విరేచనాలు ఏమన్నా వస్తాయేమో చూసుకున్నాం.

పలచగా చేయడం మన ఇళ్లలో పెద్ద తప్పు. పప్పు కట్టు, గంజి నీళ్లు పోసి అన్నం పెట్టామనుకుంటాం. బిడ్డ పొట్ట చిన్నది. అది నీళ్లతోనే నిండిపోతే బలం ఎక్కడి నుంచి వస్తుంది? స్పూను వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పైన తేలిన కట్టు కాదు, అడుగున ఉన్న పప్పు మెదిపి పెట్టండి. రాగులు పెట్టాలనుకుంటే మొలకెత్తించండి. ఒక రాత్రి నానబెట్టి, బట్టలో మూటగట్టి, మొలక వచ్చాక నీడలో ఆరబెట్టి, వేయించి, పిండి పట్టి, నూలుబట్టలో జల్లించాలి. మొలకెత్తిన పిండి ఉడికినప్పుడు మామూలు పిండిలా గట్టిపడదు. అదే గిన్నెలో ఎక్కువ పిండి వేసినా మింగడానికి మెత్తగా ఉంటుంది. ఇనుము కోసం ఆకుకూర, గుడ్డు, మాంసం తినే ఇళ్లలో బాగా ఉడికించి మెదిపిన కోడి కార్జం పెట్టవచ్చు.

మా జిల్లాలో బుడ్డలు, అంటే వేరుశనగలు, లేని ఇల్లు ఉండదు కాబట్టి వాటి గురించీ చెప్పాలి. ఒకప్పుడు పిల్లలకు ఆలస్యంగా పెట్టమనేవారు. 2015లో లండన్‌లో వచ్చిన ఒక పరిశోధన దాన్ని తిరగేసింది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు కూడా ఏడాది లోపే పెట్టడం మొదలుపెడితే వేరుశనగ అలర్జీ బాగా తగ్గిందని తేలింది. మేం ఏడో నెల చివర్లో వేయించి, పొట్టు తీసి, మెత్తగా పొడి కొట్టి, చిటికెడు అన్నంలో కలిపి పెట్టాం. ఒంటి మీద గజ్జి లాంటి ఎర్రటి పొక్కులు ఎక్కువగా ఉన్న బిడ్డకు డాక్టరును అడిగాకే పెట్టండి. గింజ మాత్రం, సగం పలుకైనా సరే, ఐదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడుతుంది.

మొదట్లో పాపకు రెండుసార్లు ఓకరింత వచ్చింది. మా అమ్మాయి భయపడి ఏడ్చేసింది. మొహం ఎర్రబడి, శబ్దం చేస్తూ, దగ్గుతూ ముద్దను ముందుకు తెచ్చుకుంటుంటే బిడ్డే సర్దుకుంటోందని అర్థం. నోట్లో వేలు పెట్టకండి. శబ్దమే లేకుండా, దగ్గు రాకుండా, పెదాలు నీలిబడితే అది ప్రమాదం. ఒక్క క్షణం ఆగకుండా బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, తల పట్టుకుని, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది ముందే ఆశా కార్యకర్త దగ్గరో నర్సు దగ్గరో బొమ్మ మీద చేసి చూసుకోండి. అందుకే తింటున్న బిడ్డ పక్క నుంచి లేచి వెళ్లకూడదు.

నీళ్ల సంగతి మా వియ్యపురాలు ఏప్రిల్ నుంచే అడుగుతోంది. “ఆదోనిలో ఎండ మండిపోతోంది వదినా, బిడ్డకు గొంతు ఎండదా?” అని. ఆరు నెలలు నిండేదాకా చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు, తల్లి పాలలో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీళ్లే ఉంటాయి, తల్లి బాగా నీళ్లు తాగి బిడ్డకు మాటిమాటికీ పాలిస్తే చాలని చెప్పాను. అన్నం మొదలయ్యాక కాచి చల్లార్చిన నీళ్లు తిండితో పాటు రెండు మూడు గుక్కలు ఇచ్చాం. సీసా కొనలేదు, దాని మూత సందుల్లో మురికి పూర్తిగా పోదు. జూన్‌లో ఆదోనికి పంపేటప్పుడు సంచిలో రాగి పిండి డబ్బాతో పాటు పాప నీళ్లు తాగే చిన్న స్టీలు గ్లాసు పెట్టి పంపాను.